రాసినవాడెవరో తెలియదన్నాను

మొన్న ఆదివారం పొద్దున నేనొక తప్పు చేశాను. చేస్తున్నప్పుడు అది తప్పని తోచలేదు. పిల్లల పుస్తకాలు వేసే ఒక ప్రచురణకర్త, రిటైరైన తెలుగు మాస్టారిని కదా అని, పన్నెండు నుంచి పదహారేళ్ళ పిల్లల కోసం వచ్చే నవలల రాతప్రతులు నాకు పంపి అభిప్రాయం అడుగుతూ ఉంటాడు. ఈసారి వచ్చినది పెదబయలు వైపు నుంచి ఒక యువ టీచరమ్మ రాసిన నవల. కథ బాగుంది. హాస్టల్లో చదివే పద్నాలుగేళ్ళ కొండపిల్లకు లెక్కల పరీక్షంటే గుండెదడ; పరీక్షకు ముందురోజు ఆ పిల్ల తన ఊరి పైనున్న అమ్మవారి రాళ్ళ దగ్గరకు వెళ్ళి, ఒక కోడిగుడ్డు పెట్టి, తన భయమంతా చెప్పుకుని కిందికి దిగి వస్తుంది. రెండే రెండు పేజీలు. ఆ రెండు పేజీల మీదా ఎర్ర సిరాతో అడ్డగీత కొట్టి, పక్కన 'మూఢనమ్మకం, పిల్లల నవలకు తగదు, తీసేస్తేనే సిఫారసు చేస్తాను' అని రాసి, ఫోటోలు తీసి ఆ అమ్మాయి ఫోనుకు పంపేశాను.

అంతకు వారం ముందే ఇంకో రాతప్రతిలో ఒక పట్నం కుర్రాడు పరీక్షకు ముందు ఆంజనేయస్వామి గుడి చుట్టూ పదకొండు ప్రదక్షిణలు చేస్తే, దాని మీద నా ఎర్ర సిరా పడలేదు. పడాలని తోచనే లేదు.

మధ్యాహ్నానికి ఆ అమ్మాయి దగ్గర నుంచి జవాబొచ్చింది. "సరే సార్, తీసేస్తాను." అంతే. ఆ 'సరే సార్' చదివాక కంచం ముందు కూర్చున్నానే గాని ముద్ద దిగలేదు. మా ఆవిడ ఒంట్లో బాగాలేదా అని అడిగితే అవునన్నాను. ఆ రెండు మాటలు అదే విధంగా, అదే వయసు పిల్ల కోసం రాసిన ఒక కథ విషయంలోనే, చాలా ఏళ్ళ కిందట ఇంకొక అమ్మాయి నాతో అంది. ఆ సంగతి నేనింతవరకు మా ఆవిడకు కూడా చెప్పలేదు.

తొంభైల నడుమ నాకు మొదటి ఉద్యోగం ముంచింగిపుట్టు దాటి, ఒడిశా సరిహద్దుకు దగ్గరగా ఉన్న ఒక ఆశ్రమ పాఠశాలలో వచ్చింది. విజయనగరం పక్క పల్లెలో పుట్టి పెరిగిన వాణ్ణి, ఘాట్ రోడ్డెక్కడం అదే మొదలు. ఏజెన్సీలో పోస్టింగు అనగానే ఆ రోజుల్లో అందరూ ముందుగా చెప్పే మాట జ్వరం. అక్కడి దోమ కుడితే జ్వరం మెదడుకు ఎక్కుతుందనీ, మూడో రోజుకు మనిషి ఉండడనీ మా మేనమామ చెప్పి చెప్పి పంపాడు. పెళ్ళయి ఏడాది కాని మా ఆవిడను కిందే ఉంచి, ఒక దోమతెరా, రెండు సీసాల వేపనూనే పట్టుకుని వెళ్ళాను. నాలుగేళ్ళు ఉన్నానక్కడ. నాలుగేళ్ళూ సాయంత్రమయ్యేసరికి చొక్కా చేతులు కిందికి దించి బొత్తాలు పెట్టుకునేవాణ్ణి. పిల్లలు నన్ను చూసి లోలోపల నవ్వుకునేవాళ్ళు.

నాకు రాత పిచ్చి ఉండేది. మీలో నా ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, పెద్దపిల్లల కోసం నెలనెలా వచ్చే పత్రికలు అప్పుడు బస్టాండు కొట్ల నిండా వేలాడేవి. వాటిలో సీరియళ్ళు చదివి పెరిగినవాళ్ళమే కదా మనమంతా. వాటిలో దేవుడు రెండు రకాలుగా వచ్చేవాడు. మన ఇళ్ళలోని దేవుడైతే నాయనమ్మ దీపం పెడుతుంది, పిల్లవాడు దణ్ణం పెడతాడు, ఆపద గట్టెక్కుతుంది. కొండల్లోని దేవుడైతే నిప్పుల చుట్టూ డప్పులు, ఎర్రకళ్ళ పూజారి, బలికి కట్టేసిన మేకో మనిషో, ఆఖరికి పట్నం నుంచి వచ్చిన కుర్రాళ్ళు పూజారి గుట్టు రట్టు చేయడం. ఒకటి భక్తి, ఇంకొకటి మూఢత్వం. ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చిందని నేనెన్నడూ అడగలేదు. సరిగ్గా అలాంటి సీరియలే ఒకటి మొదలుపెట్టాను, ఒక కలంపేరు పెట్టుకుని. పట్నం కుర్రాళ్ళకు బదులు కొండపిల్లనే కథానాయికను చేశాను, అదే నా గొప్ప అనుకున్నాను.

నా దస్తూరి ప్రెస్సు వాళ్ళకు అర్థం కాదు. అందుకని తొమ్మిదో తరగతిలో అక్షరం చక్కగా రాసే ఒక అమ్మాయి చేత సాపు రాయించేవాణ్ణి. వాళ్ళ ఊరు బడికి రెండు గంటల కాలినడక దూరంలో, కొండ మీద. ఆ ఊరి నుంచి తొమ్మిదికి వచ్చిన మొదటి ఆడపిల్ల తనే. వాళ్ళ తాత ఊరికి దిసారి, అంటే రోజులు చూసి పండగలు నిర్ణయించి, జాకరమ్మ తల్లికి పూజ చేసే పెద్ద. ఊళ్ళో కొత్త మామిడి పండగ గురించి నాకు చెప్పింది ఆ అమ్మాయే. దిసారి రోజు చూసి, అమ్మకు కొత్త కాయలు పెట్టిన తరువాతే ఊరు మామిడి నోట పెడుతుంది. అప్పటిదాకా కాయ చేతికి అందినా ఎవరూ కొరకరు, పసిపిల్లలు కూడా. ఎంతో ఇష్టంగా, తన ఇంటి సంగతి చెప్పినట్టు చెప్పింది. నేను దాన్ని తీసుకెళ్ళి కథలో పెట్టాను. నా కథానాయిక పండగకు ముందే అందరి ఎదుటా మామిడికాయ కొరుకుతుంది, ఏమీ కాదు, పూజారి మోసగాడని తేలిపోతుంది. అమ్మవారి పేరు కూడా మార్చలేదు.

ఆ భాగం సాపు రాస్తూ రాస్తూ ఆ అమ్మాయి కలం ఆపింది.

"సార్, పట్నం పిల్లల కతల్లో దేవుడు సాయం సేత్తాడు. మాకాడికొచ్చేతలికి దొంగయిపోతాడేటి?"

నేను నవ్వాను. నీలాంటివాళ్ళు చదువుకుని మారాలనే రాస్తున్నానమ్మా అన్నాను. కాసేపు కాగితం వంక చూసి, "సరే సార్" అని మళ్ళీ రాయడం మొదలుపెట్టింది.

పత్రిక వచ్చింది. ఆ భాగం ఎవరు రాసిందీ బళ్ళో ఎవరికీ తెలియదు, నాకూ ఆ అమ్మాయికీ తప్ప. కాని సాపు రాసిన సంగతి తన జతగత్తెలకు చెప్పుకున్నట్టుంది. ఒకరోజు చదువుకునే పీరియడులో పిల్లలంతా బడి ఆవరణలో మామిడిచెట్టు కింద కూర్చుని దాన్ని పైకి చదువుతున్నారు. కొండ మీద పండగ రోజు ఇంకా పెట్టలేదు. ఒక పిల్ల రాలిన పిందె ఒకటి తీసి ఆ అమ్మాయి ఒళ్ళో పడేసింది.

"ఏటే, రాసిందానివి నువ్వే కదా. తిను మరి, సూద్దాం."

ఆ అమ్మాయి తలెత్తి వరండాలో నిలబడ్డ నా వైపు చూసింది. నేను తల ఊపాను. ఊపి ఉండకపోతే ఏమయ్యేదో నాకు తెలియదు. ఇన్నేళ్ళుగా నేను ఆ తల ఊపడం దగ్గరికే వస్తాను, అక్కడి నుంచి ముందుకు పోలేను. కొరికింది. చుట్టూ ఉన్న పిల్లలు ఒక్కసారిగా రెండడుగులు వెనక్కు జరిగారు. నేను చప్పట్లు కొట్టాను. నా చప్పట్లు తప్ప అక్కడ ఇంకే చప్పుడూ లేదు.

పన్నెండో రోజున ఆ అమ్మాయికి జ్వరం వచ్చింది. నర్సమ్మ వచ్చి చూసి మలేరియా అని చెప్పి మాత్రలిచ్చింది. మర్నాటికి తగ్గలేదు సరికదా, చలికి ఒళ్ళు ఎగిరెగిరి పడుతుంటే ఇనుప మంచం కాళ్ళు గచ్చుకు కొట్టుకునే చప్పుడు పక్క తరగతిలో పాఠం చెప్తున్న నాకు వినిపించేది. పిల్లలు నా ముఖం చూసేవారు, నేను బోర్డు చూసేవాణ్ణి. మామిడి కొరికినందుకే అని ఎవరూ పైకి అనలేదు. అనకపోవడమే ఎక్కువ భయంగా ఉండేది. పొద్దున చెట్టు కింద ఎప్పుడూ ఆడే పిల్లలు ఆ చెట్టును తప్పించుకుని చుట్టు తిరిగి నడుస్తున్నారు.

రెండో రోజు వంటమనిషి, పెద్దావిడ, నన్ను వరండా చివరకు పిలిచి అరచెయ్యి తెరిచి చూపించింది. నాలుగు మాత్రలు. పిల్ల ఓణీ కొంగున ముడివేసుకుని దాచుకుందట. మింగినట్టే నీళ్ళు తాగి, తరువాత ఉమ్మేస్తోందన్నమాట. ఎందుకే అని అడిగితే, అమ్మ కోపం నామీద తీరిపోవాలి, నేను మాత్ర మింగి తప్పించుకుంటే అది ఇంటికాడ తమ్ముడి మీదకెళ్తాది అందట. తమ్ముడికి ఆరేళ్ళు. వంటమనిషి ప్రతి ఆదివారం ప్రార్థనకెళ్ళే మనిషి. ఆ మంచం పక్కనే మోకాళ్ళ మీద కూర్చుని యేసయ్యను వేడుకుంటోంది. హెడ్మాస్టరుగారు కొండ మీదికి కబురు పంపి, జీపు కోసం మండలానికి మనిషిని తోలారు. నేనేం చేశానంటే, బడి వెనక్కు వెళ్ళి, గోడ వైపు తిరిగి, పిల్ల బతికితే తలనీలాలిస్తానని సింహాద్రి అప్పన్నకు మొక్కుకున్నాను. మూఢనమ్మకాల మీద సీరియల్ రాస్తున్న మనిషిని.

మూడో రోజు మధ్యాహ్నం దిసారి వచ్చాడు. నా కథలో ఆయనకు జడలు కట్టిన జుట్టు, నిప్పుల్లాంటి కళ్ళు, మెడలో ఎముకల దండ ఇచ్చి ఉన్నాను. వచ్చినవాడు భుజానికందే పొట్టి మనిషి, పాత ఖాకీ చొక్కా, చంకలో గొడుగు, కంటి క్యాంపులో ఇచ్చిన కళ్ళద్దాలు దారంతో చెవికి కట్టుకుని ఉన్నాడు. ప్లాస్టిక్ చెప్పులు గుమ్మం బయటే విడిచాడు. ఇక పిల్లను మోసుకుపోతాడు, డప్పు కొడతాడు, మాత్రలు విసిరేస్తాడు అని నేను బిగుసుకుపోయి నిలబడ్డాను. ఆయన ముందుగా అడిగింది, మాత్ర రోజుకెన్నిసార్లు వేయాలని నర్సమ్మను. తరువాత మంచం పక్కన గొంతుక్కూర్చుని, మనవరాలి నుదుటి మీద చెయ్యి వేసి, వాళ్ళ భాషలో చాలాసేపు మాట్లాడాడు. ఆ పిల్ల చిన్నగా జవాబులు చెప్పింది. నాలుగేళ్ళున్నా ఆ భాష నేను నేర్చుకోలేదు.

తరువాత లేచి మా వైపు తిరిగాడు. హెడ్మాస్టరుగారు, నేను, వంటమనిషి ఉన్నాం. ఆయన మాత్రం నన్నే చూస్తూ అడిగాడు.

"ఏదో పుస్తకంలో మా అమ్మని తిట్టిసినారట బాబూ. రాసినోడెవుడో వచ్చి నాది తప్పని ఒక్క మాట సెప్తే, మా గుంట మాత్ర మింగుతానంటంది. ఆడెవుడో మీకేటైనా ఎరికా?"

వాళ్ళలో తప్పు చెప్పుకోవడమంటే అంతే. ఒక కోడి, కొంచెం సామలు పట్టుకొచ్చి, నలుగురి ముందు నిలబడి నోటితో అనాలి. నోటితో అననిది తీరదు, చేసినవాడే అనాలి. అది నాకు తెలుసు. ఆ సంగతి కూడా ఆ పిల్లే చెప్పింది. కాని నాకప్పుడు ఆ మంచం మీది ప్రాణం కనిపించలేదు, నన్ను చూస్తున్న హెడ్మాస్టరుగారు కనిపించారు, పోబోయే ఉద్యోగం కనిపించింది, కొండ మీది జనమంతా కర్రలు పట్టుకుని దిగి వస్తున్నట్టు కనిపించింది.

"తెలియదు. పట్నంలో ఎవరో అయివుంటారు" అన్నాను.

ఆ పిల్ల వింది. కళ్ళు తెరిచి నన్ను చూసి, మళ్ళీ మూసుకుంది. కోపంగా చూసి ఉంటే నేను మరిచిపోగలిగేవాణ్ణి.

పెద్దాయన మంచం దగ్గరకు తిరిగి వెళ్ళి, ఈసారి తెలుగులోనే, మేమూ వినాలనే కాబోలు, మనవరాలితో అన్నాడు.

"ఆడొచ్చి సెప్పేదాకా ఆ తప్పు నా తల మీద ఎట్టుకుంటాను. అమ్మకి నేను సెప్తాను. తమ్ముడికేటి అవదు. నువ్వు బేగి మింగు."

అని ఒక మాత్ర తన నోట్లో వేసుకుని, ఆ చేదంతా ఓర్చుకుని నమిలి చూపించాడు. ఆ పిల్ల ఏడుస్తూ నోరు తెరిచింది. ఒకదాని తరువాత ఒకటి మింగింది. పొద్దు వాలకముందే జీపు వచ్చింది. పాడేరు తీసుకెళ్ళారు. రెండు రోజులు తెలివి లేకుండా ఉండి, మూడో రోజు కళ్ళు తెరిచిందని కబురొచ్చింది. ఆ రెండు రోజులు నేనెలా బతికానో రాయను. రాస్తే జాలి పడతారు, ఆ జాలి నాకు చెందదు.

బతికింది గాని బడికి మళ్ళీ రాలేదు. పరీక్షలు పోయాయి. హెడ్మాస్టరుగారు నువ్వెళ్ళి నచ్చజెప్పి తీసుకురావయ్యా, నీ మాట వింటుంది అంటే, పేపర్లు దిద్దాలని చెప్పి తప్పించుకున్నాను. ఆ ఊళ్ళోకి అడుగుపెట్టే ధైర్యం నాకు లేదు. బదిలీకి అర్జీ పెట్టుకుని కిందికి దిగిపోయాను. సీరియల్ ఆఖరి భాగం మాత్రం మానలేదు. ముందు అనుకున్నట్టే పూజారిని జైలుకు పంపి, నా దస్తూరితోనే పోస్టు చేశాను. మెచ్చుకుంటూ ఉత్తరాలు కూడా వచ్చాయి.

రెండు వేల సంవత్సరం దాటిన తరువాత ఒకసారి, తోటి టీచర్లతో రైల్లో అరకు విహారానికి వెళ్ళినప్పుడు, సంతలో ఆ వంటమనిషి కనిపించింది. బాగా ముసలిదయిపోయింది. ఆ పిల్లకు ఆ మరుసటి ఏడే పెళ్ళి చేసేశారనీ, దిసారి కాలం చేశాడనీ చెప్పింది. చనిపోయేదాకా ఆయన మామిడి ముట్టలేదట. ఊరందరికీ పండగ చేసి, అందరి చేతా తినిపించి, తను మాత్రం, రాసినోడింకా రాలేదు కదా అని ఊరుకునేవాడట. ఆమెకు నా సంగతి తెలుసో తెలియదో ముఖం చూసి పోల్చుకోలేకపోయాను. ముంచింగిపుట్టు బస్సు ఎదురుగా నిలబడే ఉంది. నేను కాఫీపొడి పొట్లాలు కొనుక్కుని రైలెక్కాను.

ఇదంతా మొన్న ఆదివారం సాయంత్రం, ఆ టీచరమ్మకు ఫోన్ చేసి మొదటిసారి నోరు విప్పి చెప్పాను. మీ రెండు పేజీల మీద గీత కొట్టే అర్హత నాకు లేదు, అవి ఉంచితేనే సిఫారసు చేస్తానని ప్రచురణకర్తకు రాస్తున్నాను, ఆ వయసు పిల్లలకు దేవుడంటే తోడూ ఉంటుంది భయమూ ఉంటుంది, రెండూ నిజమే, మీరు రెండూ రాశారు, నేను ఒక్కటీ చూడలేకపోయాను అన్నాను. ఆ అమ్మాయి అంతా విని, నాకు సెప్తే ఏటి లాభం సార్, సెప్పాల్సిన కాడ సెప్పండి అంది.

గురువారం ఆ కొండ మీది ఊరికి వెళ్ళాను. కాలినడకన రెండు గంటలు పట్టే దారి ఇప్పుడు ఆటోలో పావుగంట. ఊళ్ళో సగం ఇళ్ళు ప్రార్థన మందిరానికి వెళ్తున్నాయి. దానికి రంగులు వేసి ఉన్నాయి. కొత్త మామిడి పండగ ఇంకా ఉంది గాని, దానికి ముందే కింది నుంచి వ్యాన్లొచ్చి పిందెలు కోసుకుపోతున్నాయట. నా కథ సాపు రాసిన అమ్మాయి ఇప్పుడు ఆ ఊరి అంగన్‌వాడీలో పని చేస్తోంది, జుట్టు అక్కడక్కడా నెరిసింది. దిసారి ఆమె తమ్ముడే, ఆనాటి ఆరేళ్ళవాడు, జీన్సు ప్యాంటు వేసుకుని ఉన్నాడు. నేను తెచ్చిన కోడినీ సామలనూ చూడగానే ఇద్దరికీ అర్థమైంది.

జాకరమ్మ రాళ్ళ దగ్గర పదిమంది దాకా చేరారు. ప్రార్థనకెళ్ళేవాళ్ళు కూడా కొందరొచ్చి కొంచెం ఎడంగా నిలబడ్డారు. ఆ కథ రాసింది నేనని, కాయ కొరకమని తల ఊపింది నేనని, అడిగితే తెలియదన్నది కూడా నేనేనని చెప్పాను. విన్నవాళ్ళలో చాలామంది నా కథ అచ్చయ్యేటప్పటికి పుట్టనేలేదు. ఒక కుర్రాడు ఫోన్లో వీడియో తీస్తుంటే దిసారి వద్దని సైగ చేశాడు.

అప్పుడు ఆ అమ్మాయి అంది.

"మీరని తాతకి ఆ రోజే సెప్పిసినాను సార్. ఎరికుండే అడిగాడు. సదువు సెప్పినోడు, ఒప్పుకుంటాడులే అన్నాడు."

నేను ఆమె ముఖంలోకి చూడలేకపోయాను. ఆ బడిలో ఇప్పుడు కంప్యూటర్లున్నాయి, మాత్రలకు లోటు లేదు, పిల్లల పుస్తకాలు రంగుల్లో వస్తున్నాయి, కొండపిల్లలే తమ కథలు తాము రాసుకుంటున్నారు. ఇంత మారేదాకా, ఒక్క మాట చెప్పడానికి నేను ఆగాను. తమ్ముడు నా భుజం తట్టి, తాతని కాల్చిన చోటు అదేనని అవతలి గట్టు చూపించి, అక్కడికి వినబడేలా ఇంకోసారి చెప్పమన్నాడు. గట్టు వైపు తిరిగి, ముందు నా సొంత పేరు చెప్పి, తరువాత కలంపేరు చెప్పి, మొదటి నుంచి మళ్ళీ, ఈసారి గట్టిగా చెప్పాను.